ముద్ర లేని దోనాలీ

ఎలక్షన్లు వస్తే లీడర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. బిచ్చయ్య ఠాణాకు పోతాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే వరస. అసెంబ్లీ కానీ, పార్లమెంటు కానీ, కార్పొరేషన్ కానీ, తేదీలు ప్రకటించిన వారంలోపు ఒక కానిస్టేబుల్ నాంపల్లిలో అతనుండే గల్లీకి వచ్చి "పెద్దమనిషీ, సోమవారం ఠాణాకు రావాలె" అని చెప్పి పోతాడు. పాత కేసులున్న వాళ్ళను పిలిచి, ఎలక్షన్లు అయ్యేదాకా ఏ గొడవ జోలికీ పోమని రాయించుకుంటారు. బైండోవర్ అంటారు దాన్ని. కానిస్టేబుళ్ళు మారారు, ఠాణా గోడల రంగులు మారాయి, చివరికి రాష్ట్రమే మారింది. జాబితాలో బిచ్చయ్య పేరు మాత్రం కదల్లేదు.

ఆ సోమవారం రామచందర్ కూడా ఠాణాకు వచ్చాడు. అతను ఆబిడ్స్‌లో ఒక తుపాకుల దుకాణంలో మెకానిక్. ఎలక్షన్లప్పుడు లైసెన్సు ఉన్నవాళ్ళంతా తమ తుపాకుల్ని ఠాణాలోనో దుకాణంలోనో అప్పజెప్పాలి. దుకాణంలో పెట్టినవాటి జాబితా తెచ్చి రైటర్ బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి, గోడవారగా బెంచీ మీద బిచ్చయ్య కనబడ్డాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, మెడ కింది గుండీ కూడా పెట్టుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. అటు ఒకడు, ఇటు ఒకడు, మెడలో గొలుసులు వేసుకున్న పోరగాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు.

"మల్ల పిలిచిన్రా కాకా?"

"ఔ బిడ్డా. ఓటు చీటీ రాకపోతే రాకపోవచ్చు గని, గీ పిలుపు మాత్రం టయానికొస్తది" అని నవ్వాడు బిచ్చయ్య.

రైటర్ పిలిచి కాగితం ముందుకు తోశాడు. బిచ్చయ్యకు సంతకం వచ్చు, అయినా వేలిముద్ర కూడా వేయమన్నాడు. నలభై ఏళ్ళు ఆకురాయి పట్టిన వేళ్ళు. గీతలన్నీ అరిగిపోయాయి. మొదటిసారి ముద్ర పడలేదు. రెండోసారి నల్లటి మరక పడింది. "గట్టిగ ఒత్తు" అని విసుక్కున్నాడు రైటర్. మూడోసారి అతనే బొటనవేలు పట్టుకుని కాగితానికి అదిమాడు.

రామచందర్ అక్కడ నిలబడలేకపోయాడు. ప్రతి ఎలక్షన్‌కూ ఈ బెంచీ చూస్తున్నాడు, ప్రతిసారీ ఏదో పనున్నవాడిలా బయటపడుతున్నాడు. ఈసారీ అంతే చేశాడు. చేసి, రోడ్డు మీదికి వచ్చాక తనను తాను తిట్టుకున్నాడు. తిట్లు కూడా పాతవే.

*

దుకాణానికి వచ్చేసరికి అక్షిత కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. యజమాని శ్యామ్‌సుందర్ సేఠ్ కూతురు. కొట్టు తండ్రి చూసుకుంటాడు, ఉత్తరాలూ ఈమెయిళ్ళూ కూతురు చూసుకుంటుంది.

"అంకుల్, జర గిది చూడుర్రి. పోర్చుగల్ నుంచి వచ్చింది."

లిస్బన్‌లో పాత కర్రసామాను బాగుచేసే ఒకావిడ రాసింది. హైదరాబాదు నుంచి వచ్చిన టేకు బీరువా ఒకటి విప్పుతుంటే, వెనక పలకకు లోపల ఇంకో పలక కనబడిందట. రెండు పలకల మధ్యా నిలువుగా పెట్టిన రెండు గొట్టాల తుపాకి, మన దగ్గర దోనాలీ అనేది. దాని మీద పేరు లేదు, నంబరు లేదు, ఏ దేశపు ముద్రా లేదు. ఆమె తెలిసినవాళ్ళను అడిగితే ఒకాయన బెల్జియం అన్నాడు, ఇంకొకాయన స్పెయిన్ అన్నాడు. అక్కడి పోలీసులు నెలాఖరు దాకా గడువిచ్చారు. ఎక్కడిదో తేలితే కాగితాలు రాసుకుని ఉంచుతారు, తేలకపోతే ముక్కలుగా కోసేస్తారు. అందుకని హైదరాబాదులో తనకు దొరికిన తుపాకుల దుకాణాలన్నిటికీ ఫొటోలు పంపింది.

రామచందర్ కళ్ళద్దాలు తుడుచుకుని స్టూలు లాక్కున్నాడు.

"బెల్జియం అంట అంకుల్. నిజమేనా?"

"బెల్జియంల జిట్రేగి చెట్లున్నయా బిడ్డా?"

వేలితో తెర మీద చూపించాడు. బయటి దేశాల తుపాకీకి భుజానికి ఆనించే కుందా అంటే అక్రోటు కర్రే. ఇది జిట్రేగి. ముదురు ఎరుపు మీద నల్లటి చారలు. మన ఆదిలాబాదు అడవుల్లోది. రెండో ఫొటోలో గొట్టాల అడుగుభాగం ఉంది. వేరే దేశాలదైతే అక్కడ ముద్రలు వరసగా ఉంటాయి. ఇక్కడ నున్నగా ఉంది. స్క్రూ మరల తలలు గుండ్రంగా లేవు, ఒక్కొక్కటీ ఒక్కో తీరు. మిషను మీద కాదు, చేత్తో చేసినవి.

మూడో ఫొటో దగ్గర అతని వేలు ఆగిపోయింది. కుందా మెడ దగ్గర, చెయ్యి పట్టుకునే చోట, పగులు మీద ఇత్తడి పట్టీ చుట్టి ఉంది. పట్టీ అంచులు ఎడమవైపుకు వాలుగా అరిగి ఉన్నాయి. కుడిచేత్తో ఆకురాయి పడితే ఆ వాలు రాదు. ఎడమచేతివాటం మనిషికే వస్తుంది. ఆ దుకాణంలో ఎడమచేత్తో ఆకురాయి పట్టిన మనిషి ఒక్కడే. రామచందర్‌కు ఆ పని నేర్పినవాడు.

"ఏంది, సినిమా చూస్తున్నరా?" శ్యామ్‌సుందర్ వెనక నుంచి వచ్చాడు.

"సేఠ్, గిది శ్రీరామమూర్తి సాబ్ దోనాలీ లెక్కనే ఉంది."

శ్యామ్‌సుందర్ ఫొటో చూడలేదు. కూతురి వైపు చూశాడు. "బెల్జియం అని రాసెయ్ బిడ్డా. మనకెందుకు."

"శ్రీరామమూర్తి ఎవరు డాడీ?"

"ఫారెస్టు ఆఫీసర్ ఉండె. మన దగ్గర తుపాకి రిపేరుకిచ్చిండు. గప్పుడు మన దగ్గర బిచ్చయ్య అని ఒకాయన పనిచేసెటోడు. తుపాకి పోయింది, ఆయన మీద కేసైంది. రెండేండ్లకు కోర్టు కొట్టేసింది. అయిపోయింది."

"అయిపోలే సేఠ్" అన్నాడు రామచందర్. "పొద్దుగాల ఠాణాల బెంచీ మీద కూసున్నడు. ఏలు పట్టుకొని ముద్ర ఏయించిన్రు."

ఎదురు చెప్పడం రామచందర్‌కు అలవాటు లేదు. వినడం శ్యామ్‌సుందర్‌కూ అలవాటు లేదు. కాసేపు ఇద్దరూ ఆ కొత్త సంగతికి సర్దుకున్నారు. తర్వాత శ్యామ్‌సుందరే గొంతు తగ్గించి కూతురికి చెప్పాడు. రిపేరు అయింది, శ్రీరామమూర్తికి జ్వరం, రాలేకపోయాడు. తన తండ్రి పెద్దసేఠ్ తుపాకిని బిచ్చయ్యతో ఇంటికి పంపాడు. ఆరు నెలలకు ఎలక్షన్లు వచ్చాయి, తుపాకులు అప్పజెప్పమన్నారు. శ్రీరామమూర్తి, నా తుపాకి రిపేరుకు పోయి మళ్ళీ రానేలేదు అన్నాడు.

"మరి తాత చెప్పొచ్చు గదా, పంపిన్నని?"

"లైసెన్సు లేనోని చేతికి తుపాకిచ్చి బజారుల పంపుడు నేరం బిడ్డా. పంపిన్నంటే దుకాణమే మూతపడుతుండె. అందుకని నేను పంపలే, నాకెర్కలే అన్నడు."

అక్షిత తండ్రిని వదిలి రామచందర్ వైపు తిరిగింది. "మీరు గప్పుడు గీడనే ఉన్నరా అంకుల్?"

"నాకు పందొమ్మిదేండ్లు" అన్నాడు రామచందర్. అది జవాబు కాదని అతనికి తెలుసు. ఆ పిల్లకూ తెలిసినట్టుంది, మళ్ళీ అడగలేదు.

*

ఇత్తడి పట్టీ ఒక్కటి చాలదు. పట్టీ అంతకు ముందెప్పుడో వేసింది. ఈ తుపాకి ఆ చివరి రిపేరు అయ్యాకే బీరువాలోకి చేరిందని తేలాలి. అప్పుడే అది ఇంటికి చేరిందన్నట్టు, బిచ్చయ్య చెప్పింది నిజమన్నట్టు. అందుకు రామచందర్‌కు ఒక గుర్తు తెలుసు. లోకంలో ఇద్దరికే తెలిసిన గుర్తు.

"కుందా వెనకాల ఇనుప పలకుంటది. రెండు మరలు తీసి, పలక ఇప్పి, లోపలి కర్ర ఫొటో పంపమను."

"ఏముంటది లోపట?"

"ఏం లేకపోతే మన తుపాకి కాదు."

అక్షిత తండ్రిని అడగకుండానే రాసి పంపింది. శ్యామ్‌సుందర్ పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున్నుంచీ రామచందర్ చేతులు పని మీద నిలవలేదు. తెచ్చినవాళ్ళ తుపాకులకు చీటీలు కట్టాడు. ఒకదాని చీటీ ఇంకోదానికి కట్టి విప్పాడు. గొట్టాల్లో నూనెగుడ్డ దూర్చి లాగుతూ, గంటకోసారి అక్షిత బల్ల వైపు చూశాడు. లిస్బన్‌లో ఇంకా తెల్లవారలేదని ఆమె రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పకుండా నవ్వింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలోంచి రెండు ముద్దలు తిన్నాడో లేదో, "అంకుల్!" అని కేక వినబడింది.

ఎంగిలిచేత్తోనే వెళ్ళాడు. తెర నిండా కుందా చివర. పలక తీసేసిన కర్ర, ఎండిన నూనె, దుమ్ము. పైన ఒక మరబెజ్జం, కింద ఒకటి. కింది బెజ్జం పక్కనే, దాన్ని ఆనుకుని, కందిగింజంత తెల్లటి చుక్క. ముదురు జిట్రేగిలో తెల్లకర్ర బిరడా.

రామచందర్ ఎంగిలిచెయ్యి వెనక్కి పెట్టుకుని తెర మీదికి వంగాడు.

"గిదేంది అంకుల్?"

"నా తప్పు బిడ్డా. ఆ ఆఖరి రిపేరుల పలక మర వదులైంది, కొత్త బెజ్జం పెట్టుమన్నడు కాకా. నేను సక్కగ చూడకుంట పక్కకు పెట్టిన. పెద్దసేఠ్ చూస్తే ఆ దినమే ఎల్లగొడుతుండె. కాకా అప్పుడు నోట్ల ఏపపుల్ల పెట్టుకొని నములుతుండె. గదే పుల్ల ఇరిచి, చెక్కి, సరేసు పూసి బెజ్జంల కొట్టిండు. పైనకెళ్ళి పలక బిగించిండు. ఎవ్వరికి చెప్పకు, నేను గూడ చెప్ప అన్నడు."

చెప్పలేదు కూడా. కోర్టులో ఆ ఒక్క ముక్క చెప్పినా అతనికి పనికొచ్చేది కాదు, తుపాకే దొరకలేదు కాబట్టి. కానీ బిచ్చయ్య ఒక పిల్లవాడి తప్పు దాచిపెట్టాడు. ఆ పిల్లవాడు ఏడాది తిరక్కుండా పోలీసుల ముందు "నాకేం తెల్వదు" అన్నాడు. ఈ లెక్కే రామచందర్‌ను ఇన్నేళ్ళూ తినేసింది.

శ్యామ్‌సుందర్ ఈసారి వచ్చి ఫొటో చూశాడు. చాలాసేపు చూశాడు. "నాయన మీద మచ్చ పడుతది" అన్నాడు మెల్లగా.

"కాకా మీద ముప్పై నాలుగేండ్ల సంది ఉంది సేఠ్."

శ్యామ్‌సుందర్ బల్ల సొరుగు తీశాడు, మూశాడు. చివరికి దుకాణం పేరున్న కాగితం ఒకటి తీసి కూతురి ముందు పెట్టాడు. "గీ తుపాకి మన దగ్గరనే రిపేరైందని, రిపేరైనంక గిరాకికి చేరిందని రాయి. నేను సంతకం పెడ్త. నాయన పంపిండా లేదా అన్నది కాయితం మీద వద్దు. ఎవరన్న అడిగితే నోటితోని చెప్త."

సగం ధైర్యమే. అయినా ఆ కుటుంబంలో అంతవరకూ ఎవరూ అంత ధైర్యం చేయలేదు.

*

శ్రీరామమూర్తి పోయి పాతికేళ్ళు దాటింది. కూతురు అనసూయ టీచరుగా రిటైరై చిరాగ్ అలీ లేన్‌లో ఒక అపార్టుమెంటులో ఉంటున్నది. బుధవారం సాయంత్రం అక్షిత, రామచందర్ వెళ్ళారు. తలుపు తీసి, తుపాకుల దుకాణం పేరు వినగానే ఆమె మొహం బిగిసింది.

"ఆ విషయం మాట్లాడటం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదండీ."

అక్షిత ఫోనులో బీరువా ఫొటో తెరిచి చూపింది. అనసూయ ఫోను చేతిలోకి తీసుకుంది. ఫొటోను పెద్దది చేసి, కుడితలుపు కింద చూసింది.

"అమ్మ బీరువా. ఈ కాలు విరిగితే నాన్నగారు కుర్చీ కాలు కోసి వేయించారు. రంగు కలవలేదని అమ్మ ఎప్పుడూ సణిగేది. పబ్లిక్ గార్డెన్స్ దగ్గర ఇల్లు అమ్మినప్పుడు సామానంతా లక్డీకాపూల్ దుకాణం వాడికిచ్చేశాం. ఇది మీ దగ్గరికెలా వచ్చింది?"

తర్వాతి ఫొటో చూపించారు. వెనక పలక, లోపలి పలక, మధ్య నిలబడి ఉన్న తుపాకి.

అనసూయ ఇద్దరినీ లోపలికి పిలిచి, తనూ ఎదురుగా కూర్చుంది.

"చివరిరోజుల్లో ఆయన అన్నీ దాచేవారు" అంది. "కళ్ళజోడు బియ్యం డబ్బాలో, పింఛను పుస్తకం పరుపు కింద. దాచి, మనమే దొంగిలించామని ఏడ్చేవారు. అదొక జబ్బని డాక్టరు చెప్పాడు. కానీ తుపాకి పోయినప్పటికి ఆయన బాగానే ఉన్నారనుకున్నాం. ఎవరూ అనుమానపడలేదు. అప్పటికే మొదలైందన్నమాట."

"మేడం, బిచ్చయ్య కాకను ఇంకా పిలుస్తున్రు. మొన్న సోమవారం గూడ" అన్నాడు రామచందర్.

"ఇంకానా?" ఆమె తలెత్తింది. "కేసు కొట్టేశారు కదా?"

"కేసు కొట్టేసిన్రు. పేరు కొట్టెయ్యలే."

అనసూయ లేచి లోపలికి వెళ్ళింది. కాగితాలతో తిరిగి వచ్చింది. "నాన్నగారి చెయ్యి వణుకుతోందని అప్పుడు ఫిర్యాదు నేనే రాశాను. ఆ మనిషిని చూడను కూడా లేదు. పేరు మాత్రం రాశాను." కలం మూత తీసింది. "ఏం రాయాలో చెప్పండి. తప్పు మాదేనని రాయొచ్చా?"

"తుపాకి మీ ఇంటికి చేరిందని రాస్తే సాలు" అన్నాడు రామచందర్.

ఆమె రెండూ రాసింది.

*

శుక్రవారం ఠాణాలో ఎస్సై ప్రణయ్ ముందు మూడు కాగితాలు పెట్టారు: అనసూయ ఉత్తరం, దుకాణం ఉత్తరం, బీరువాలో తుపాకి దొరికిందని లిస్బన్ పోలీసులు ఈమెయిల్లో పంపింది. ప్రణయ్ ముప్పై ఏళ్ళు దాటని మనిషి. అన్నీ చదివి రైటర్‌ను పిలిచాడు.

"ఈ బిచ్చయ్య మీద అసలు కేసేంది?"

రైటర్ వెతికాడు. ఇంకో గదిలో వెతికాడు. ఫైలు లేదు. పేరు మాత్రం ప్రతి ఎలక్షన్ జాబితాలోనూ ఉంది. ఒక జాబితా చూసి ఇంకో జాబితా రాసుకుంటూ వచ్చారు తప్ప, ఈ ముసలాయన ఏం చేశాడని ఎవరూ అడిగినట్టు లేదు. ప్రణయ్ కుర్చీలో వెనక్కి వాలి "నేను పుట్టకముందు కేసు" అన్నాడు. "తీసేయనీకి పైన సంతకం కావాలె. నేను పంపిస్త. ఆయన్ను ఒక్కసారి తీసుకరార్రి, నేనే చెప్త."

కానిస్టేబుల్ వెళ్తే బిచ్చయ్య భార్య పూలమ్మ భయపడుతుందని రామచందరే వెళ్ళాడు. ఏమీ చెప్పకుండా తీసుకువచ్చాడు. ఠాణాలోకి రాగానే బిచ్చయ్య అలవాటుగా బెంచీ వైపు నడిచాడు.

"గాడ కాదు, ఇటు రండి" అని ప్రణయ్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు. బిచ్చయ్య కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ప్రణయ్ చెప్పిందంతా విన్నాడు. తుపాకి బీరువాలో దొరకడం, వేపపుల్ల బిరడా, అనసూయ ఉత్తరం.

"ఇగ మీరు బైండోవర్‌కు రానక్కర్లేదు" అని ముగించాడు ప్రణయ్.

"గీ ఎలక్షన్‌కా సార్? అన్ని ఎలక్షన్లకా?"

"అన్నిటికి."

బిచ్చయ్య లేచి నమస్కారం పెట్టాడు. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి, చొక్కా పై గుండీ తీసేశాడు.

*

నేరుగా ఇంటికి పోకుండా ఇద్దరూ మొజంజాహీ మార్కెట్ దాకా నడిచారు. ఐస్‌క్రీం దుకాణం ముందు బల్ల మీద బిచ్చయ్యను కూర్చోబెట్టి రామచందర్ రెండు సీతాఫలం కప్పులు తెచ్చాడు. పొద్దటి ఎండలో మార్కెట్ రాళ్ళు వెచ్చగా ఉన్నాయి. ఎదురుగా పావురాలు జొన్నలు తింటున్నాయి.

"అక్షిత అడుగుతుంది కాకా. గా తుపాకి చేసిందెవరు, యాడ చేసిన్రు? గా లిస్బనామెకు రాయాలె."

"గీ షహర్లనే. గొట్టాలు, తాళం, కుందా, మరలు అన్ని పాతబస్తీల ఒక ఉస్తాద్ చేసిండని సాబ్ అంటుండె. ఉస్తాద్ పేరు ఆయనకు గూడ ఎర్కలే. ముద్ర కొట్టుకునేంత పెద్దోడైతే గాదు." బిచ్చయ్య చెంచాతో కప్పు అంచు గీకాడు. "సాబ్ ఇంట్లనే దొరికిందా, నిజంగ?"

"సాబ్ బీరువల్నే."

"రిపేరైనంకనే పెట్టిన్రా?"

"ఔ కాకా. బిరడా ఉన్నది గదా."

బిచ్చయ్య చెంచా పక్కన పెట్టాడు. ఐస్‌క్రీం కరిగిపోతున్నది.

"ఎవ్వరికి చెప్పలే గని నీకు చెప్త రాంచందర్. నేనిచ్చిన్నా లేదా అని నాకే అనుమానం. సాబ్ ఇంటికి పోయిన, బెల్లు కొట్టిన, ఆయన చేతుల పెట్టిన. యాదికున్నది. గని పోలీసోళ్ళు అడిగి అడిగి, కొట్టి అడిగి, అది నిజంగ అయిందా, నేనే మనసుల అల్లుకున్ననా తెల్వకుంటైంది. పెద్దసేఠ్ పంపలే అన్నడు. సాబ్ రాలే అన్నడు. నువ్వు చూడలే అన్నవ్. ముగ్గురు మంచోళ్ళు ఒక్కమాటంటే, తప్పిపోయింది నా తలకాయేనేమో అనుకున్న. రిక్షాలనే మర్చిపోయిన్నేమో, ఎవనికో దొరికిందేమో, దానితోని ఎవన్నన్న కాల్చిండేమో. పేపర్ల ఎవర్నన్న తుపాకితోని కాల్చిన్రని వస్తే పూర్తిగ చదివించుకునేటోన్ని."

రామచందర్ కప్పు కింద పెట్టాడు. అతను ఇన్నేళ్ళూ భయపడింది, నిజం చెబితే బిచ్చయ్య తిడతాడని, మొహం చూడడని. ఆ అబద్ధం ఈ మనిషికి ఇలాంటి పని చేసి ఉంటుందని అతనికి తోచనే లేదు.

"చూసిన కాకా" అన్నాడు. "పెద్దసేఠ్ దోనాలీని దుప్పట్ల చుట్టి, తాడు కట్టి, నీ చేతుల పెట్టంగ చూసిన. నేనే పోయి రిక్షా పిలిచిన. పెద్దసేఠ్ నాకు తెల్వదనుమన్నడు. కొలువు పోతదని భయపడ్డ. నీ తలకాయ మంచిగనే ఉండె కాకా. నేనే అబద్ధమాడిన."

"ఇంకోపారి చెప్పు."

"చూసిన కాకా. నీ చేతుల పెట్టంగ చూసిన."

బిచ్చయ్య కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. భుజాలు రెండూ కిందికి దిగాయి. రామచందర్ తిట్ల కోసం చూశాడు. బిచ్చయ్య కరిగిన ఐస్‌క్రీం కప్పు ఎత్తి తాగేశాడు, మూతి తుడుచుకున్నాడు.

"లే. ఇంటికొచ్చి మీ చిన్నమ్మకు గూడ గీ మాటనే చెప్పు. ఆమె ఎన్నడు అడగలే గని, లోపట ఏమనుకుంటుందో నాకు తెల్వదు."

నాంపల్లి గల్లీలో రెండు గదుల ఇల్లు. పూలమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నది. ఇద్దరూ కలిసి రావడం చూసి చేతులు ఆపింది.

"ఏమన్నరు?"

"ఇగ పిలువరంట. ఏ ఎలక్షన్‌కు గూడ" అన్నాడు బిచ్చయ్య.

"పీడ పోయింది" అని ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది.

రామచందర్ నిలబడే మొత్తం చెప్పాడు. తుపాకి దొరికిన సంగతి, సాబ్ బీరువా, తను చూసింది, చూడలేదని చెప్పింది. పూలమ్మ ఇంకో చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగింది.

"గిదేనా? ఇచ్చొచ్చిండని నాకెర్కనే."

బిచ్చయ్య గోడకు ఆనుకున్నాడు. "నీకెట్ల ఎర్క?"

"ఆ దుప్పటి ఎవరిదనుకున్నవ్? మనింటిదే. సేఠ్ దుప్పటి తెమ్మన్నడంటే పొద్దుగాల నేనే మడతపెట్టిచ్చిన. మాపటికి చంకల పెట్టుకొని మల్ల తెచ్చినవ్. నూనె కంపు కొడుతుంటే రెండుపార్లు ఉతికిన. తుపాకి రిక్షాల మర్చిపోతే దుప్పటి ఒక్కటి నడుచుకుంట ఇంటికొస్తదా?"

గల్లీలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది రెండుసార్లు ఆగిపోయి మూడోసారికి కదిలింది.

"మరి గీ మాట ఎందుకు చెప్పలేదే?" అన్నాడు బిచ్చయ్య.

"ఎవరికి చెప్పాలె? ఠాణా ముంగట రెండు దినాలు కూసున్న. ఆడిదానివి, నీకేం పని, పో అన్నరు. కోర్టుల వకీలు నా దిక్కు గూడ చూడలే."

"నాకు చెప్పకపోతివి?"

"నీకేం చెప్తనయ్యా? ఇచ్చొచ్చింది నువ్వు. నీకే తెల్వదని నాకేమెర్క? ముప్పై నాలుగేండ్లల్ల ఒక్కదినమన్న నన్నడిగినవా?"

ముందు బిచ్చయ్య భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు వచ్చింది, నవ్వు దగ్గుగా మారింది, దగ్గులోంచి కళ్ళనీళ్ళు వచ్చాయి. రామచందర్‌కు కూడా నవ్వో ఏడుపో ఏదో వచ్చేసింది.

"యాడుందే గా దుప్పటి?"

"గప్పటిది గిప్పుడుంటదా? మన పోరడు అంజన్ పుట్టినప్పుడు ఉయ్యాల కట్టిన. చినిగినంక మసిగుడ్డ జేసిన." పూలమ్మ చేట పక్కకు జరిపింది. "నవ్వింది సాలు. రాంచందర్, బువ్వ తిని పో."

బిచ్చయ్య గడప మీద ఆమె పక్కనే చతికిలబడ్డాడు. చేటలోంచి గుప్పెడు చిక్కుడుకాయలు తీసుకుని ఎడమచేత్తో ఈనె లాగడం మొదలుపెట్టాడు.

"ఆ దినం నేనింటికొచ్చినంక ఏమైందో మొదటి సంది చెప్పు" అన్నాడు.